ఎర్ర సిరా ఎవరికి చేరుతోంది

ఇంగ్లండ్ హైకోర్టు 2025 జూన్ 6న రెండు కేసులను కలిపి ఒకే తీర్పు ఇచ్చింది. అయిండే కేసు ఒకటి, అల్ హరూన్ కేసు ఇంకొకటి. డేమ్ విక్టోరియా షార్ప్, జస్టిస్ జాన్సన్ ధర్మాసనం. మొదటి కేసులో అసలు లేని అయిదు తీర్పులను ఉన్నట్టుగా కోర్టు ముందు పెట్టారు. రెండో కేసులో ఇచ్చిన 45 సైటేషన్లలో (ఆధారంగా చూపిన తీర్పుల ప్రస్తావనల్లో) 18 లేనివే. పైగా ఈ రెండో కేసులో నజీర్లు, అంటే ఆధారమయ్యే పాత తీర్పులు, వెతికింది లాయరు కాదు, కక్షిదారు. అతను కృత్రిమ మేధనూ ఇంటర్నెట్‌నూ అడిగి తెచ్చిచ్చిన పట్టికను సొలిసిటర్ (కక్షిదారు తరఫున కాగితాల పని చూసే లాయరు) సరిచూడకుండా నమ్మేశాడు.

ఈ తీర్పు గురించి ఎవరు మాట్లాడినా లేని కేసుల దగ్గరే ఆగుతున్నారు. నా మనసు వేరే చోట ఆగింది. మొదటి కేసులో కాగితాలు తయారు చేసిన బారిస్టర్ (కోర్టులో వాదించే లాయరు) వృత్తిలోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. తను యంత్రాన్ని, అంటే కృత్రిమ మేధను, వాడలేదని ఆమె చెప్పింది. కోర్టు ఆ మాట నమ్మలేదు. వాడి అయినా ఉండాలి, లేదా తెలిసే లేని కేసులు పెట్టి అయినా ఉండాలి అంది. అక్కడితో ఊరుకోకుండా ఆమె అనుభవానికి మించిన పని ఆమె చేతికి ఎలా వచ్చింది, పర్యవేక్షించాల్సినవాళ్లు ఏం చేశారు అన్న ప్రశ్నలు కూడా లేవనెత్తింది. ఈ వృత్తి ఇప్పుడు తనను తాను అడుక్కోవలసిన ప్రశ్నలు అవేనని నేననుకుంటున్నాను.

యంత్రం వల్ల ఎందరి ఉద్యోగాలు పోతాయన్న లెక్కలు చాలామంది వేస్తున్నారు. నా దిగులు వేరు. జూనియర్ చేసే పనిని యంత్రం చేసేస్తే ఆ పని చేస్తూ నేర్చుకునే విద్య ఎక్కడ దొరుకుతుంది? యంత్రం చేసిన తప్పును పసిగట్టగల సీనియర్ పదేళ్ల తర్వాత ఎక్కణ్నుంచి వస్తాడు? కార్యాలయాలు దీనికి జవాబు వెతక్కుండా యంత్రాలు కొంటూ పోతున్నాయి. ఇది పొరపాటని గట్టిగా చెప్పడానికే ఈ వ్యాసం.

చాకిరీలో దాగిన చదువు

జూనియర్ మొదటి రెండు మూడేళ్లు చేసే పనులు అందరికీ తెలిసినవే. తేదీల పట్టిక తయారు చేయడం, నజీర్లు వెతకడం, ఒప్పందాలు చదివి సారాంశం రాయడం, తొలి డ్రాఫ్టు రాయడం. ఈ నాలుగూ ఇప్పుడు యంత్రం నిమిషాల్లో చేస్తుంది. వీటిలో విద్య ఎక్కడుందో కొంచెం దగ్గరగా చూడాలి.

తేదీల పట్టికనే తీసుకోండి. రెండు వందల పేజీల ఉత్తరాలు, ఈమెయిళ్లు, రసీదులు. జూనియర్ ఒక్కొక్కటీ తీసి తేదీ, ఎవరు ఎవరికి రాశారు, ఏమన్నారు, ఏ పేజీ అని నాలుగు గడుల్లో రాస్తాడు. ముప్పయ్యో కాగితం దగ్గర ఏదో తేడా కొడుతుంది. మూడో తారీఖు ఉత్తరంలో ‘నిన్న మనం ఫోన్లో అనుకున్నట్టు’ అని ఉంది. ఆ ఫోను సంగతి ఇంకెక్కడా లేదు. పదకొండో తారీఖున గట్టి ఆరోపణ చేస్తూ ఒక ఈమెయిలు వెళ్లింది. దానికి జవాబు కట్టలో లేదు. జవాబే ఇవ్వలేదా, ఇచ్చినా మనకు అందలేదా? కక్షిదారును అడగాల్సిన మొదటి ప్రశ్న అక్కడ పుడుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షిని ఇరుకున పెట్టే ప్రశ్న కూడా చాలాసార్లు అలాంటి ఖాళీలోంచే వస్తుంది. యంత్రం ఉన్న కాగితాలను చక్కగా పేర్చి పెడుతుంది. లేని కాగితాన్ని గురించి కూడా అడిగితే చెప్పొచ్చు. కానీ అడగాలని తోచడమే కదా విద్య! అది తోచేది అలాంటి కట్టలు కొన్ని సొంతంగా పేర్చినవాడికే.

ఒప్పందం చదవడమూ ఇంతే. అనుభవం ఉన్నవాళ్లు మొదటి పేజీ నుంచి చివరి పేజీకి వరసగా చదవరు. ముందు నిర్వచనాలు చూస్తారు. తర్వాత రద్దు, నష్టపరిహారం, బాధ్యతకు పరిమితి (నష్టం జరిగితే ఎంత వరకు కట్టాలన్నది), వివాదాల పరిష్కారం అనే క్లాజులకు వెళ్తారు. ఆ తర్వాత షెడ్యూళ్లు. చివరికి, ప్రధాన ఒప్పందానికీ షెడ్యూలుకూ తేడా వస్తే ఏది చెల్లుతుందో చెప్పే వాక్యం ఎక్కడుందో వెతుకుతారు. సవరణ ఒప్పందం ఉంటే అసలుదాని పక్కన పెట్టుకుని చదువుతారు, ఎందుకంటే సవరణలో ఒక నిర్వచనం మారితే ఆ మాట వాడిన ఇరవై క్లాజుల అర్థమూ మారిపోతుంది. బాధ్యతకు పరిమితి పెట్టి, దానిలోంచి గోప్యత ఉల్లంఘనను మినహాయించడం మరిచిపోయిన ఒప్పందాన్ని యంత్రం ‘పరిమితి క్లాజు ఉంది’ అని సారాంశంలో రాస్తుంది. ఆ మాట నిజమే. కక్షిదారుకు కావలసింది మాత్రం అందులో లేదు. ఉండాల్సింది లేకపోతే చూడగానే పట్టుకునే కన్ను, ఉన్నది ఎన్నోసార్లు చదివాక గానీ రాదు.

పాత పద్ధతిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు

ఇక్కడ నన్ను నేను ఆపుకోవాలి. చాకిరీ అంతా చదువే అంటే అది అబద్ధం. పెట్టెలకు పెట్టెలు కాగితాలు తిరగేస్తూ ‘సంబంధం ఉంది’, ‘సంబంధం లేదు’ అని గుర్తులు పెడుతూ ఏడాది గడిపిన జూనియర్ మొదటి వారంలో నేర్చుకున్నదే మిగతా యాభై వారాలూ చేశాడు. సీనియర్ వెనక నిలబడటం, వాయిదాలు అడగడం, ఫైళ్లు మోయడం శిక్షణ పేరుతో చెలామణీ అయిన రోజులూ ఉన్నాయి. జీతం లేకుండానో, ఉండీ లేనట్టుగానో ఏళ్ల తరబడి పడి ఉండగలిగినవాళ్లే ఆ పద్ధతిలో నెగ్గుకొచ్చారు. ఇంట్లో ఆసరా లేనివాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు. ఆ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టలేదు.

మనిషి నడిపిన వెతుకులాట పనిగా కూడా అంత గొప్పది కాదు. 1985లో డేవిడ్ బ్లెయిర్, ఎం.ఇ. మారన్ అనే పరిశోధకులు శాన్‌ఫ్రాన్సిస్కో బార్ట్ రైలు ప్రమాదానికి సంబంధించిన వ్యాజ్యంలో జరిగిన వెతుకులాటను పరీక్షించారు. సుమారు 40,000 పత్రాలు, మూడున్నర లక్షల పేజీలు. కంప్యూటర్‌లో పదాలు ఇచ్చి వెతికించిన లాయర్లు తమకు కావలసిన వాటిలో 75 శాతం దొరికాయని నమ్మారు. నిజానికి దొరికింది సుమారు 20 శాతం. కారణం చాలా మామూలుది. ప్రమాదాన్ని ఒక పక్షం ‘ప్రమాదం’ అంటే ఇంకో పక్షం తన కాగితాల్లో ‘దురదృష్టకర సంఘటన’ అని రాసుకుంది. వెతికేవాళ్లకు ఆ మాట తట్టలేదు. 2012లో డా సిల్వా మూర్ కేసులో న్యూయార్క్ మెజిస్ట్రేట్ జడ్జి ఆండ్రూ పెక్, 2016లో పిరో కేసులో ఇంగ్లండ్ కోర్టు, పత్రాలను కంప్యూటర్ చేత జల్లెడ పట్టించడానికి ఒప్పుకున్నాయి. రెండింటిలోనూ పత్రాలు ముప్పై లక్షల ప్రాంతంలో ఉన్నాయి. అన్ని లక్షల కాగితాలు మనుషులే చదవాలని పట్టుబట్టడంలో అర్థం లేదు.

‘ప్రతి తరమూ ఇలాగే భయపడింది’ అనే వాదన కూడా ఉంది. 1873లో ఫ్రాంక్ షెపర్డ్ ఏ తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ఉదహరించాయో జిగురు చీటీల మీద అచ్చువేసి అమ్మాడు. లాయర్లు వాటిని తమ పుస్తకాల అంచుల్లో అంటించుకున్నారు. వంద ఏళ్లకు, తీర్పులను కంప్యూటర్‌లో వెతికిపెట్టే సేవలు, 1973లో లెక్సిస్, ఆ వెనకే 1975లో వెస్ట్‌లా వచ్చాయి. లైబ్రరీలో రోజంతా పుస్తకాలు తిరగేసే పని పోయింది, వృత్తి మాత్రం నిలబడింది. నిజమే. అయితే ఒక తేడా ఉంది. చీటీ గానీ లెక్సిస్ గానీ ఆ తీర్పు దగ్గరికి నడిపించి వదిలేసేవి, చదవడం లాయరు వంతు. ఇప్పటి యంత్రం చదివేశానంటుంది, సారం చెబుతుంది, పేరా కూడా రాసిస్తుంది. వెతుకులాట తగ్గడం వేరు, చదవడం తగ్గడం వేరు. మొదటిదాన్ని వృత్తి తట్టుకుంది. రెండోదాన్ని తట్టుకుంటుందన్న భరోసా నాకు లేదు.

ఎర్ర గీతల సంగతి

జూనియర్ డ్రాఫ్టు మీద సీనియర్ పెట్టే ఎర్ర గీతలను మించిన పాఠ్యపుస్తకం ఈ వృత్తిలో లేదు. ‘ఈ పేరా ఎందుకు?’, ‘ఇది వాదన, వాస్తవాల్లో పెట్టకు’, ‘తేదీ ఏది?’, ‘ఒప్పుకోవాల్సిందాన్ని ఇంత చేటు ఖండించకు, జడ్జికి మన మీద నమ్మకం పోతుంది’. ఇలాంటివి ఒక వంద పడ్డాక జూనియర్ చేతి రాతే మారుతుంది.

ఇప్పుడేం జరుగుతోంది? జూనియర్ వివరాలన్నీ యంత్రానికి ఇస్తాడు. అది డ్రాఫ్టు ఇస్తుంది. జూనియర్ పైపైన సర్ది సీనియర్‌కు పంపుతాడు. సీనియర్ ఎర్ర గీతలు పెడతాడు. ఆ గీతలు ఎవరి ఆలోచన మీద పడ్డాయి? ఆ పేరా అక్కడ ఎందుకు పెట్టాడో జూనియర్‌కే తెలియదు, ఎందుకంటే అతను పెట్టలేదు. తన తప్పు కాని తప్పును దిద్దుకోవడంలో నొప్పి ఉండదు. నొప్పి లేనిచోట పాఠం అంటదు. కొన్నిచోట్ల ఇంకా దారుణం: సీనియరే నేరుగా యంత్రం చేత రాయించుకుని తనే దిద్దుకుంటున్నాడు, త్వరగా అవుతోందని. అతని ముప్పై ఏళ్ల అనుభవం ఎర్ర సిరాగా యంత్రం రాసిన కాగితం మీద ఒలికిపోతోంది. పక్క గదిలో కూర్చున్న మనిషికి ఒక్క చుక్క కూడా చేరడం లేదు.

సరిచూడటం ఒక పని, దానికీ చేయి తిరగాలి

‘యంత్రం రాస్తే రాయనీ, మనిషి సరిచూస్తే చాలు’ అనే మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. చాలు అన్నంత చిన్న పని కాదది. ఒక్క సైటేషన్‌ను నిజంగా సరిచూడాలంటే ఏం చేయాలో చూడండి.

ముందు తీర్పును అధికారిక నివేదికలోనో కోర్టు సొంత వెబ్‌సైట్లోనో తెరవాలి. పక్షాల పేర్లతో వెతికి ఊరుకోకూడదు. కోర్టు, సంవత్సరం, సంపుటి, పేజీ ఒక్కొక్కటీ కలవాలి. నిజమైన పేరుకు తప్పుడు సంపుటి సంఖ్య తగిలించడం యంత్రానికి మామూలే. తర్వాత ఉదహరించిన పేరా దగ్గరికి వెళ్లి, పైన రెండు పేరాలు, కింద రెండు పేరాలు చదవాలి. ఆ మాట కోర్టు నిర్ణయమా, లేక ఓడిపోయిన పక్షం లాయరు వాదనను కోర్టు తిరగ చెబుతోందా? మెజారిటీ తీర్పులోదా, భిన్నాభిప్రాయంలోదా? హెడ్‌నోట్‌లోంచి తీసుకున్నదైతే అది తీర్పే కాదు, ప్రచురణకర్త రాసుకున్న సారాంశం. ఆ తర్వాత ఈ తీర్పు మీద అప్పీలు వెళ్లిందా, పై కోర్టు కొట్టేసిందా, దీని ఆధారమైన చట్టం సెక్షన్ తర్వాత మారిందా చూడాలి. ఆఖరున, ఆ కేసు వాస్తవాలు మన కేసుకు ఎంత దగ్గరగా ఉన్నాయో ఒక వాక్యం సొంతంగా రాయాలి. ఆ వాక్యం రాయలేకపోతే తీర్పు అర్థం కాలేదని లెక్క.

లేని కేసును పట్టుకోవడం వీటన్నిటిలో సులువు. తెరిస్తే దొరకదు, అంతే. ఉన్న కేసుకు లేని అర్థం అంటగడితే పట్టుకోవడమే కష్టం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో లాయర్ల కోసమే తయారైన పరిశోధన పరికరాలను పరీక్షిస్తే, కొన్ని ఆరు ప్రశ్నల్లో ఒకదానికి పైగా, ఒకటైతే సుమారు మూడింట ఒకదానికి తప్పుడు జవాబులిచ్చాయి. ఆ తప్పుల్లో నిజమైన తీర్పును చూపించి అది చెప్పని మాట చెప్పించడం కూడా ఉంది. దీన్ని పట్టేది చదివినవాడే.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటి ఉంది, దాచను. న్యూయార్క్‌లో అవియాంకా విమాన సంస్థ మీద వేసిన దావాలో చాట్‌జీపీటీని అడిగి లేని కేసులు తెచ్చుకున్నది జూనియర్ కాదు, ముప్పై ఏళ్లకు పైగా వృత్తిలో ఉన్న లాయరు. ఈ కేసులు నిజమేనా అని ఆయన మళ్లీ యంత్రాన్నే అడిగాడు. నిజమే, వెస్ట్‌లాలోనూ లెక్సిస్‌లోనూ దొరుకుతాయని అది చెప్పింది. సంతకం పెట్టిన లాయరు ఇంకొకాయన, ఆయన ఒక్క కేసూ చదవలేదు. 2023 జూన్ 22న జడ్జి కెవిన్ కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా వేశాడు. మరి అనుభవం ఏం కాపాడినట్టు?

ఆ కేసులో ప్రశ్న ఏమిటో చూస్తే కొంత జవాబు దొరుకుతుంది. అంతర్జాతీయ విమాన ప్రయాణంలో జరిగే నష్టాలకు సంబంధించిన మాంట్రియల్ ఒప్పందం కింద దావా వేయడానికి రెండేళ్ల కాలపరిమితి, విమాన సంస్థ దివాలా ప్రక్రియలో ఉంటే ఆ గడువు ఆగుతుందా లేదా అన్నది వివాదం. ఆ లాయరు పని ఎక్కువగా రాష్ట్ర కోర్టుల్లో. అంతర్జాతీయ విమానయాన చట్టం ఆయనకు కొత్త. అంటే ఆ మూలకు సంబంధించి ఆయనా జూనియరే. వృత్తిలో ఏళ్లు గడవడం వేరు, ఒక రంగంలో కాగితాలు చదివి ఉండటం వేరు. దీన్నిబట్టి శిక్షణ మొదటి మూడేళ్లతో అయిపోయేది కాదని కూడా తెలుస్తోంది.

సీనియర్ దొరకనివాళ్లు

ఇంకో ఎదురు వాదన నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. అందరు జూనియర్లకూ దిద్దే సీనియర్ ఉండడు. ఒంటరిగా ప్రాక్టీసు మొదలుపెట్టినవాళ్లు, సీనియర్ ఉన్నా నోరు విప్పి ఏమీ చెప్పని చోట పడ్డవాళ్లు ఎందరో. వాళ్లకు అర్ధరాత్రి అడిగినా విసుక్కోకుండా వివరించే యంత్రం నిజంగా ఆసరా. దాన్ని లాక్కోవాలని నేననను. వాడే తీరు మార్చుకోమంటాను. ‘నాకు పిటిషన్ రాసిపెట్టు’ అని అడిగే బదులు తను రాసిన పిటిషన్‌ను ఎదుటి పక్షం లాయరు స్థానంలో ఉండి తూట్లు పొడవమని అడగాలి. ‘చట్టం ఏం చెబుతోంది’ అనే బదులు ఏ చట్టంలో ఏ అధ్యాయం చదవాలో అడిగి, వెళ్లి అసలుదాన్ని చదవాలి. కక్షిదారు పేరు, చిరునామా, ఖాతా వివరాలు, రాజీకి ఎంత వరకు దిగుతాడన్న సంగతి అందరికీ అందుబాటులో ఉండే పరికరంలో ఎక్కించకూడదు. గోప్యత ఒకసారి పోతే తిరిగి రాదు.

గంటల లెక్క

ఇంత శిక్షణకు సమయం ఎవరిస్తారు? అసలు ముడి ఇక్కడుంది.

లాయర్ల పెద్ద సంస్థల్లో బిల్లు గంటల లెక్కన సాగుతుంది. ఒక గంటను ఆరేసి నిమిషాల పది ముక్కలు చేసి రాస్తారు. 1975లో గోల్డ్‌ఫార్బ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు బార్ సంఘాల కనీస ఫీజు పట్టికలను కొట్టేశాక ఈ పద్ధతి అక్కడ ఇంకా పాతుకుపోయింది. దీని కింద జూనియర్ నేర్చుకునే ఖర్చు తెలిసో తెలియకో కక్షిదారే భరించేవాడు. పది గంటలు పట్టిన పరిశోధనలో నాలుగు గంటలు జూనియర్ తప్పుదారుల్లో తిరిగినవే. సంస్థ కొంత కొట్టేసి మిగిలింది బిల్లులో పెట్టేది.

అమెరికన్ బార్ అసోసియేషన్ 2024 జూలైలో ఇచ్చిన 512వ అధికారిక అభిప్రాయం దీన్ని ముక్కుసూటిగా తేల్చింది. గంటల లెక్కన ఫీజు తీసుకునే లాయరు యంత్రానికి వివరాలివ్వడానికి 15 నిమిషాలు పడితే, ఆ 15 నిమిషాలకూ వచ్చినదాన్ని సరిచూసిన సమయానికీ మాత్రమే బిల్లు వేయాలి. మిగిలిపోయిన గంటలకు వేయకూడదు. న్యాయమైన మాటే. కక్షిదారు వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉండటానికి వీల్లేదు. కానీ ఫలితం చూడండి. జూనియర్ తప్పుదారుల్లో తిరిగే నాలుగు గంటలకు ఇక డబ్బు పెట్టేవాడు లేడు. సంస్థ ఆ ఖాళీని శిక్షణతో నింపే బదులు ఇంకో నాలుగు ఫైళ్లతో నింపుతోంది. మునుపు అయిదు కేసులు లోతుగా చూసిన జూనియర్ ఇప్పుడు ఇరవై కేసులు పైపైన చూస్తున్నాడు. ఆదా అయిన సమయం ఇంటికీ వెళ్లడం లేదు, చదువుకూ వెళ్లడం లేదు.

ఈ ఖర్చు సంస్థలే పెట్టుకోవాలి. కక్షిదారు బిల్లులో దూర్చకూడదు, జూనియర్ నిద్రలోంచి కోయకూడదు. మొత్తానికి ఇంత అని మాట్లాడుకునే ఫీజు పద్ధతిలో ఇది కాస్త సులువు, ఎందుకంటే అక్కడ యంత్రం మిగిల్చిన లాభం సంస్థ దగ్గరే ఉంటుంది.

చేతికి అందే కొన్ని పనులు

వారానికి ఒక పని యంత్రం లేకుండా జూనియర్ చేత చేయించాలి. చిన్నదే అయినా మొత్తం చేయాలి: యాభై పేజీల కట్టకు తేదీల పట్టిక, లేదా ఒక ఒప్పందానికి రెండు పేజీల నోటు. అది పూర్తయ్యాకే అదే కట్టను యంత్రానికి ఇచ్చి రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. యంత్రం పట్టి జూనియర్ వదిలేసినవి ఒక రంగులో, జూనియర్ పట్టి యంత్రం వదిలేసినవి ఇంకో రంగులో గుర్తు పెట్టాలి. వరస మాత్రం మారకూడదు. యంత్రం జవాబు ముందే చూస్తే కన్ను దాని వెంటే పోతుంది, దానికి తట్టనిది మనకూ తట్టదు.

యంత్రం సాయంతో వచ్చిన డ్రాఫ్టైతే ప్రతి పేరా ఎందుకుందో జూనియర్ ఒక్కో వాక్యం అంచున రాసి ఇవ్వాలి. రాయలేని పేరా కొట్టేయాలి. సీనియర్ ఎర్ర గీతలు పెట్టేది ఆ అంచు వాక్యాల మీద కూడా. అలా అయితేనే దిద్దుబాటు ఒక మనిషి ఆలోచనకు చేరుతుంది. ఇరవై నిమిషాలు ఎదురెదురుగా కూర్చుని చేయాలి. ఫైలు పంపి ‘చూసుకో’ అంటే చాలదు.

సైటేషన్లకు ఒక రిజిస్టరు పెట్టాలి. తీర్పు, తెరిచి చూసిన చోటు, చదివిన పేరాల సంఖ్యలు, అప్పీలు సంగతి, చూసినవారి సంతకం, తేదీ. సంతకం జూనియర్‌దే కాదు, కోర్టులో దాఖలు చేసే సీనియర్‌ది కూడా ఉండాలి. పది సైటేషన్లలో కనీసం రెండింటిని ఆయన స్వయంగా తెరవాలి, ఏ రెండో ముందుగా చెప్పకూడదు.

ఇక యంత్రం తాకలేని పనుల దగ్గరికి జూనియర్‌ను ముందే తీసుకెళ్లాలి. కక్షిదారుతో మొదటి సమావేశం, సాక్షి చెప్పేది వింటూ నోట్సు రాసుకోవడం, రాజీ చర్చలు. మునుపు వీటికి మూడో ఏడు దాకా ఆగమనేవాళ్లు, ముందు కాగితాలు రావాలని. కాగితాల పని తగ్గినందుకు దక్కిన మేలు ఏదైనా ఉంటే ఇదే: మొదటి నెలలోనే ఆ గదిలో ఒక కుర్చీ వేయొచ్చు. సమావేశం అయ్యాక కక్షిదారు ఏం చెప్పాడని జూనియర్‌ను అడగాలి. ఆ వెంటనే, ఏం చెప్పకుండా దాటేశాడని అడగాలి.